తథాగతుని మౌనం

శాక్యముని చరిత్ర మీకు తెలియనిది కాదు. లుంబినీవనంలో జననం, 29వ ఏట మహాభినిష్క్రమణం, 35వ ఏట బోధివృక్షం నీడలో సంబోధి, ఆపై 45 సంవత్సరాల ధర్మసంచారం. ఆయన పలికినవన్నీ పిటకాలై నిలిచాయి. పలకక ఊరుకున్న ఘట్టాలను మాత్రం మనం అంతగా తలచుకోము.

సంబోధి పొందిన తొలినాళ్లలోనే ఆయనకు మౌనంగా ఉండిపోవాలనిపించింది. తాను కనుగొన్న ధర్మం అతిగంభీరం, భోగాసక్తమైన లోకానికి అది అందదని శంకించాడు. బ్రహ్మ వచ్చి ప్రార్థించాడని వినయపిటకం చెబుతుంది. గ్రహించగలవారు కొందరున్నారని తెలిశాకే, నేడు సారనాథ్‌గా పిలిచే ఇసిపతనానికి వెళ్లి ఐదుగురు పూర్వ సహచరులకు అష్టాంగమార్గం బోధించాడు. అందులో మూడవది సమ్యక్ వాక్కు. అసత్యం, చాడీలు, పరుషవచనం, వ్యర్థప్రలాపం విడిచిపెట్టడం దాని లక్షణం.

అయితే మాట సత్యమైనంత మాత్రాన చాలదని, అది శ్రోతకు మేలు చేయాలని, తగిన సమయం కూడా చూడాలని రాజగృహంలో అభయ రాజకుమారునికి ఆయనే వివరించాడు. ఆ నియమం ఎంత కఠినమో వత్సగోత్రుని ఉదంతంలో చూడండి. ఆ పరివ్రాజకుడు వచ్చి ఆత్మ ఉన్నదా అని అడిగాడు. బుద్ధుడు పలకలేదు. లేదా అని అడిగాడు. అప్పుడూ పలకలేదు. అతడు లేచి వెళ్లిపోయాడు. చెంతనున్న ఆనందుడు కలతపడ్డాడు. జవాబు తెలియక ఊరుకున్నాడని లోకం అనుకోదా? బుద్ధుడు అతనికి కారణం చెప్పాడు: ఉన్నదంటే శాశ్వతవాదులను సమర్థించినట్లవుతుంది, లేదంటే ఉచ్ఛేదవాదులను, అసలే అయోమయంలో ఉన్న ఆ మనిషి, నిన్నటిదాకా ఉన్న ఆత్మ నేడు పోయిందని మరింత కుంగిపోతాడు. తన ప్రతిష్ఠకు లోటు వచ్చినా సరే, అతని మనసు చెదరకూడదనుకున్నాడు. ఆ వత్సగోత్రుడే కాలాంతరంలో భిక్షువై అర్హతుడయ్యాడు.

కౌశాంబిలో భిక్షువులు అల్పమైన విషయానికి రెండు వర్గాలై కలహించారు. బుద్ధుడు నచ్చజెప్పాడు. వారు వినలేదు. అప్పుడు ఎవరికీ చెప్పకుండా పాత్ర, చీవరం తీసుకొని ఒంటరిగా వెళ్లిపోయి, పారిలేయక వనంలో ఒక ఏనుగు సేవలందుకుంటూ గడిపాడు. ఉపాసకులు భిక్ష మానేశాక గాని ఆ భిక్షువులకు కనువిప్పు కలగలేదు.

అలాగని మౌనవ్రతాన్ని ఆయన మెచ్చాడని భ్రమపడకండి. కోసలలో కొందరు భిక్షువులు వర్షావాసం మూడు నెలలూ పెదవి విప్పక, చేతి సైగలతో కాలం గడిపి, గర్వంగా ఆ సంగతి విన్నవించారు. ఆయన వారిని పశువుల్లా బ్రతికారని మందలించాడు. వర్షావాసం చివర ఒకరి దోషాలు ఒకరు చెప్పుకొనే ప్రవారణను అప్పుడే విధించాడు.

80వ ఏట, కుశీనగరంలో సాలవృక్షాల మధ్య శయనించి, సందేహాలుంటే అడగమని భిక్షువులను మూడుమార్లు కోరాడు. గౌరవం వల్ల అడగలేకపోతే మిత్రుని చేతనైనా చెప్పించమన్నాడు. ఆ రాత్రి మౌనం వహించినవారు శిష్యులు.