గుండె రాత చదివిన శాస్త్రవేత్త – విల్లెం ఐంథోవెన్

ఈసారి గోడపత్రికలో నేను ఈసీజీ మిషన్ తయారుచేసిన విల్లెం ఐంథోవెన్ గారి గురించి రాస్తున్నాను. ఈయన గురించే రాయడానికి ఒక కారణం ఉంది.

పోయిన వేసవి సెలవుల్లో మా నాయనమ్మకి గుండెల్లో నొప్పి వచ్చింది. రోడ్డు దాకా డోలీ కట్టి మోసుకెళ్ళారు. ఆసుపత్రిలో చేతులకి, కాళ్ళకి, గుండె మీద వైర్లు పెట్టి గళ్ళ కాగితం మీద వంకర గీతలు తీశారు. అవి ఏమిటో మాకు ఎవరూ చెప్పలేదు. ఆ వైర్లతో తన బలమంతా లాగేశారని నాయనమ్మ అనుకుంది. మళ్ళీ రమ్మన్న రోజున వెళ్ళలేదు. ఇప్పటికీ వెళ్ళనంటోంది. నాక్కూడా అది నిజమేమో అనిపించింది. స్కూలుకి వచ్చాక సైన్సు మేడం గారిని అడిగి తెలుసుకున్నాను.

ఐంథోవెన్ గారు 1860 మే 21న జావా దీవిలోని సెమరాంగ్ ఊళ్ళో పుట్టారు. అది ఇప్పుడు ఇండోనేషియాలో ఉంది. అప్పుడు డచ్చివాళ్ళ పాలనలో ఉండేది. తండ్రి డాక్టరు. ఐంథోవెన్ గారికి ఆరేళ్ళప్పుడే తండ్రి చనిపోయారు. తర్వాత నాలుగేళ్ళకి తల్లి ఆరుగురు పిల్లల్ని తీసుకుని హాలెండులోని యూట్రెక్ట్ వెళ్ళిపోయింది. ఆయన సైన్యం ఇచ్చే డబ్బుతో డాక్టరు చదువు చదివారు. మనం గవర్నమెంటు హాస్టల్లో ఉండి చదువుతున్నట్టే అన్నమాట. ఆయనకి ఆటలంటే చాలా ఇష్టం. ఒకసారి కసరత్తు చేస్తూ పడి మణికట్టు విరిగింది. ఆయన ఊరికే కూర్చోకుండా, చెయ్యి ఎలా తిరుగుతుందో అనే దాని మీదే పరిశోధన చేశారు. 25 ఏళ్ళకే లైడెన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు.

మన గుండె కొట్టుకునేటప్పుడు చాలా కొంచెం కరెంటు పుడుతుంది. దాన్ని 1887లోనే లండన్‌లో వాలర్ అనే డాక్టరు పాదరసం గొట్టంతో పట్టుకున్నారు. కానీ ఆ గీతలు సరిగా వచ్చేవి కావు. పాదరసం నెమ్మదిగా కదిలేది. అందుకని ఐంథోవెన్ గారు పాదరసం వదిలేసి దారం పెట్టాలనుకున్నారు. ఆ దారం వెంట్రుక కంటే ఎంతో సన్నగా ఉండాలి. అంత సన్న దారం ఎలా తీశారో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. పలుగురాయి జాతి క్వార్ట్జ్‌ను బాగా కాల్చి కరిగించి, బాణానికి అంటించి, విల్లు ఎక్కుపెట్టి వదిలేవారు! బాణం పోతుంటే వెనక దారం సాగేది. ఈ పద్ధతిని బాయ్స్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త కనిపెట్టారు. మన తాతలు అడవిలో పట్టిన విల్లంబులు సైన్సుకి కూడా పనికొచ్చాయని చదివి నాకు ఎంతో గర్వంగా అనిపించింది.

ఆ దారానికి వెండి పూత పూసి, పెద్ద అయస్కాంతం మధ్యలో కట్టారు. గుండె కరెంటు దారంలోకి రాగానే అది పక్కకి కదులుతుంది. దాని నీడని పెద్దది చేసి ఫోటో పలక మీద పడేలా చేశారు. అదే గీత! ఆ గీతలోని మిట్టలకి, పల్లాలకి పి, క్యూ, ఆర్, ఎస్, టి అని ఆయన పెట్టిన పేర్లే ఇప్పటికీ వాడుతున్నారు.

ఆ మిషన్ బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు మనుషులు కావాలి. రోగి చేతులు, ఎడమ కాలు ఉప్పునీళ్ళ బాల్చీల్లో పెట్టి కూర్చోవాలి. రోగులు అంత మిషన్ దగ్గరికి రాలేరు కదా. అందుకని 1905లో ఒకటిన్నర కిలోమీటరు దూరంలోని ఆసుపత్రి నుండి టెలిఫోను తీగ వేయించి రోగుల గుండె గీతలు తన గదిలో తీశారు. రోగి నడవలేకపోతే మిషనే రోగి దగ్గరికి పోయినట్టు అయ్యింది. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన విషయం.

1924లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. మిషన్ తయారీలో సాయం చేసిన పనివాడు అప్పటికే చనిపోతే, అతని అక్కచెల్లెళ్ళు బీదరికంలో ఉన్నారని తెలిసి, బహుమతి డబ్బులో సగం వాళ్ళకి ఇచ్చారని చెప్తారు. 1927 సెప్టెంబరు 29న ఐంథోవెన్ గారు మరణించారు.

తర్వాత మిషన్ చిన్నదవుతూ వచ్చింది. 1940ల చివర్లో అమెరికాలో హోల్టర్ అనే ఆయన సుమారు 38 కిలోల మిషన్‌ని వీపుకి కట్టుకుని తిరిగే వీలు చేశారు. 2018లో చేతి గడియారంలోనే వచ్చేసింది. ఆపిల్ వాచీ పెట్టుకుని, రెండో చేతి వేలు దాని మీద ఆనిస్తే అర నిమిషంలో గీత వస్తుంది. రెండు బాల్చీల్లో రెండు చేతులు పెట్టి ఐంథోవెన్ గారు తీసిన మొదటి గీత కూడా ఇదే! కానీ ఆ వాచీ గుండెపోటుని పట్టుకోలేదు. నొప్పి వస్తే ఆసుపత్రికి పోవలసిందే.

దీనివల్ల నేను తెలుసుకున్నది ఏమిటంటే, ఆ వైర్లు మన బలం లాగవు, మనలోకి కరెంటు పంపవు. గుండె చెప్పేది వింటాయి, అంతే. దసరా సెలవుల్లో ఇంటికి వెళ్ళి నాయనమ్మకి ఇదంతా మన భాషలో చెప్తాను. ముందు బాణం సంగతి చెప్తాను, అది తనకి బాగా తెలుసు. ఒప్పుకుంటే నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను. మీరు కూడా ఆయాసం గాని, గుండెదడ గాని వస్తే దాచుకోకుండా వార్డెన్ మేడం గారికి చెప్పండి.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని