చలనరహస్యవేత్త న్యూటన్

కదిలే వస్తువు ఎందుకు కదులుతున్నది, ఎందుకు ఆగుతున్నది అనే ప్రశ్న అతి ప్రాచీనమైనది. తోసినంతసేపే వస్తువు కదులుతుందని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ భావించాడు. ఐరోపా విద్వాంసులు దాదాపు రెండు వేల ఏళ్ళపాటు ఆ మాటను శిరసావహించారు. ఇటలీలో గెలీలియో దానిని ప్రశ్నించాడు. బలానికీ చలనానికీ గల సంబంధాన్ని నిర్దుష్టమైన గణితసూత్రాలుగా నిలిపినవాడు మాత్రం ఐజాక్ న్యూటన్. అయితే ఆ సూత్రాలున్న గ్రంథం లోకానికి దక్కడం వెనుక మరొక సహృదయుని ఓర్పు ఉన్నది. న్యూటన్ స్వభావం తెలిస్తేనేగాని ఆ ఓర్పు విలువ తెలియదు.

నాటి ఇంగ్లండు పంచాంగం ప్రకారం 1642 డిసెంబరు 25న, లింకన్‌షైర్ ప్రాంతంలోని ఉల్‌స్తోర్ప్ అనే కుగ్రామంలో న్యూటన్ జన్మించాడు. అప్పటికి మూడు నెలల క్రితమే తండ్రి మరణించాడు. నెలలు నిండకుండా పుట్టిన ఆ శిశువు బతుకుతాడని ఎవరూ అనుకోలేదు. మూడేళ్ళ ప్రాయంలో తల్లి మరొకరిని వివాహమాడి, బిడ్డను అమ్మమ్మ వద్ద వదలి వెళ్ళింది. ఎవరినీ నమ్మలేని తత్త్వం, చిన్న విమర్శకే ముడుచుకుపోయే గుణం ఆయనలో జీవితాంతం నిలిచిపోవడానికి ఈ ఎడబాటే బీజమేమో!

రెండవ భర్త కూడా మరణించాక తల్లి తిరిగివచ్చి, కుమారుని బడి మాన్పించి సేద్యంలో పెట్టింది. ఆ పని అతనికి అబ్బలేదు. మేనమామ, గ్రాంథమ్ పట్టణంలోని పాఠశాల ప్రధానోపాధ్యాయుడు నచ్చజెప్పగా ఆమె మెత్తబడింది. 1661లో న్యూటన్ కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరాడు. సంపన్న విద్యార్థులకు పరిచర్యలు చేస్తూ చదువు సాగించాడు.

1665లో ప్లేగు వ్యాపించడంతో విశ్వవిద్యాలయం మూతపడింది. ఇంటికి చేరిన న్యూటన్ ఇంచుమించు రెండేళ్ళ ఏకాంతంలో కలన గణితానికి పునాది వేశాడు, కాంతి స్వభావాన్ని పరిశోధించాడు, గురుత్వాకర్షణను గురించి ఆలోచించాడు. ఆపిల్ పండు రాలడం చూసి ఆ ఆలోచన కలిగిందని వార్ధక్యంలో ఆయనే మిత్రులకు చెప్పాడు. పండు నెత్తిన పడిందన్నది మాత్రం తరువాతివారి కల్పన.

1669లో ఆయన కేంబ్రిడ్జిలో గణితాచార్యుడైనాడు. 1672లో కాంతిని గురించిన వ్యాసాన్ని లండనులోని రాయల్ సొసైటీకి పంపితే రాబర్ట్ హుక్ అనే శాస్త్రజ్ఞుడు దానిని విమర్శించాడు. ఆ వివాదంతో విసిగి న్యూటన్ తన రచనలను ప్రకటించడానికే విముఖుడైనాడు. ఎన్నో ఫలితాలు ఆయన బల్లసొరుగుల్లోనే ఉండిపోయాయి.

1684 ఆగస్టులో ఎడ్మండ్ హాలీ అనే యువ ఖగోళశాస్త్రవేత్త ఆయనను చూడవచ్చాడు. సూర్యుని ఆకర్షణ దూరవర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుంటే గ్రహం ఏ మార్గంలో చరిస్తుందని అడిగాడు. దీర్ఘవృత్తంలో అని న్యూటన్ తడుముకోకుండా చెప్పాడు. తాను దానిని ఎప్పుడో లెక్కించాననీ అన్నాడు. వెదికితే ఆ కాగితం కనబడలేదు. మళ్ళీ రాసి పంపుతానని మాట ఇచ్చి, నవంబరులో చిన్న వ్యాసంగా పంపాడు. అది చదివి హాలీ మళ్ళీ కేంబ్రిడ్జికి వెళ్ళి, దానిని విస్తరించమని ప్రోత్సహించాడు. తరువాత ఏడాదిన్నరకు పైగా న్యూటన్ అన్నపానాలు సైతం మరచి రచనలో మునిగిపోయాడు. అలా రూపొందిన లాటిన్ గ్రంథమే ప్రిన్సిపియా.

ఈ గ్రంథారంభంలోనే మూడు చలన సూత్రాలున్నాయి. బయటి బలం పనిచేయనంతవరకు నిశ్చలంగా ఉన్న వస్తువు నిశ్చలంగానే ఉంటుంది, కదిలేది అదే వేగంతో సరళరేఖలో కదులుతూనే ఉంటుంది. ఆగి ఉన్న బస్సు హఠాత్తుగా కదిలితే మనం వెనక్కు తూలడం ఇందువల్లనే. చలనంలో కలిగే మార్పు ప్రయోగించిన బలాన్ని అనుసరించి, బలం పనిచేసిన దిశలోనే ఉంటుందన్నది రెండవ సూత్రం. ఒకే బలంతో తోస్తే ఖాళీ బండి చప్పున వేగం పుంజుకుంటుంది, బస్తాలు నిండిన బండి మెల్లగా కదులుతుంది. ప్రతి చర్యకూ సమానమైన ప్రతిచర్య వ్యతిరేక దిశలో ఉంటుందన్నది మూడవది. పడవ నుండి ఒడ్డుకు దూకినవానికి పడవ వెనక్కు జరగడం అనుభవమే కదా!

ఈ సూత్రాలు నేలకే పరిమితం కావు. భూమి ఉపరితలం వద్ద విడిచిన వస్తువు మొదటి సెకనులో సుమారు 4.9 మీటర్లు పడుతుంది. చంద్రుడు భూకేంద్రం నుండి భూవ్యాసార్ధానికి దాదాపు 60 రెట్ల దూరంలో ఉన్నాడు. కనుక అక్కడ ఆకర్షణ 3600 రెట్లు తక్కువ కావాలి. లెక్కించగా, చంద్రుడు సరళరేఖను విడిచి భూమివైపు అంతే దూరం ఒరగడానికి ఒక నిమిషం, అంటే 60 సెకన్లు పడుతున్నది. 60 వర్గం 3600. పండును రాల్చే బలమే చంద్రుణ్ణి కక్ష్యలో నిలుపుతున్నదని ఇలా రుజువైంది.

గ్రంథం అచ్చుకు వెళ్ళే వేళ ఆటంకాలు ఎదురైనాయి. రాయల్ సొసైటీ చేపలను గురించిన ఒక పుస్తకం మీద ధనమంతా వెచ్చించి చేతులెత్తేసింది. ముద్రణ వ్యయం హాలీ భరించాడు. ఇంతలో విలోమవర్గ భావన తననుండి గ్రహించినదేనని హుక్ వాదించాడు. కక్ష్యా చలనాన్ని సరళరేఖా గమనంగానూ, కేంద్రంవైపు ఆకర్షణగానూ విడదీసి చూడమని 1679లో హుక్ జాబు రాసిన మాట నిజమే. కాని గణితంతో దానిని నిరూపించినవాడు న్యూటన్. కోపించిన న్యూటన్ విశ్వవ్యవస్థను వివరించే మూడవ భాగాన్ని ప్రకటించనే వద్దన్నాడు. ఆ భాగమే లేకుంటే గ్రంథం తల లేని మొండెమయ్యేది. హాలీ వినయంగా ఉత్తరాలు రాసి ఆయనను శాంతింపజేశాడు. న్యూటన్ మాత్రం హుక్ పేరును పలుచోట్ల కొట్టివేశాడు. అంతటి మేధావికి ఆ మాత్రపు ఔదార్యం లేకపోవడం విచారకరం. ఆ సంవత్సరాల్లోనే సొసైటీ హాలీకి జీతానికి బదులు అమ్ముడుపోని చేపల పుస్తకాలను ఇచ్చింది!

1687 జూలైలో ప్రిన్సిపియా వెలువడింది. 1696లో న్యూటన్ లండను టంకశాలలో అధికారిగా చేరాడు. 1703లో హుక్ మరణించిన తరువాత రాయల్ సొసైటీ అధ్యక్షుడైనాడు. 1705లో ఆన్ రాణి ఆయనకు సర్ బిరుదునిచ్చింది. 1727 మార్చిలో మరణించిన న్యూటన్‌ను వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఖననం చేశారు.

న్యూటన్ సూత్రాలతో పాత తోకచుక్కల మార్గాలను గుణించిన హాలీ, 1682లో కనిపించిన తోకచుక్క 1758 ప్రాంతంలో తిరిగివస్తుందని 1705లోనే ప్రకటించాడు. 1742లో ఆయనా కన్నుమూశాడు. 1758 డిసెంబరు 25 రాత్రి, జర్మనీలోని డ్రెస్డెన్ సమీపంలో ఖగోళశాస్త్రాభిరుచి గల ఒక రైతు తన దూరదర్శినిలో ఆ తోకచుక్కను చూశాడు.