తోలు పనిని శాస్త్రంగా నిలబెట్టిన నాయుడమ్మ

పేరు వినగానే పిల్లలు ఆడవారనుకుంటారు. డాక్టర్ యలవర్తి నాయుడమ్మ 1922 సెప్టెంబరు 10న గుంటూరు జిల్లా యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయన శాస్త్రం చదివారు. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో తోళ్ల శాస్త్రంలో పరిశోధన చేశారు. తోలు పని చేసేవారిని ఊరి బయట ఉంచిన రోజుల్లో ఆయన ఆ పనినే తన చదువుగా ఎంచుకున్నారు.

1958 నుంచి 1971 వరకు మద్రాసు అడయారులోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థకు సంచాలకులుగా ఉన్నారు. ప్రయోగశాలలో తేలిన విషయం తోళ్ల కార్మికుడి చేతికి చేరాలన్నది ఆయన పట్టుదల. తర్వాత దేశంలోని శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి మొత్తానికి నాయకత్వం వహించారు. 1985 జూన్ 23న కనిష్క విమానం పేలిపోయినప్పుడు చనిపోయిన 329 మందిలో ఆయన ఒకరు.

పూర్వం తోళ్లను తంగేడు చెక్కతో, కరక్కాయతో పదును చేసేవారు. తంగేడునే ఇక్కడ ఆవారం అంటాం. తర్వాత క్రోమియం లవణం వచ్చింది. అందులో సుమారు మూడింట రెండొంతులనే తోలు పీల్చుకుంటుంది. మిగిలింది నీళ్లతో బయటికి పోతుంది. మదురైకి దగ్గరలోని దిండిగల్ చుట్టుపక్కల బావులు తోళ్ల ఫ్యాక్టరీల మురుగుతో పాడయ్యాయి.

ఆ క్రోమియాన్ని తిరిగి పట్టే పద్ధతిని ఆయన పెంచిన సంస్థే ఫ్యాక్టరీలకు నేర్పింది. క్రోమియం నీళ్లను వేరే తొట్టిలో పట్టి, వడగట్టి, మెగ్నీషియం ఆక్సైడ్ కలుపుతారు. క్రోమియం పచ్చని ముద్దగా అడుగుకు దిగుతుంది. పైనీరు తీసేసి, ముద్దను గంధకికామ్లంలో కరిగిస్తే మళ్లీ తోళ్లకే వాడవచ్చు. పైనీటిలో ఉప్పు మిగులుతుంది కాబట్టి దాన్ని వేరుగా శుద్ధి చేయాలి.

కోయంబత్తూరు ప్లేటింగ్ షాపుల నీళ్లలోని నికెల్, రాగిని తీయడానికీ ఇదే సూత్రం పనికొస్తుంది. టీచర్లు తరగతిలో చేసి చూపవచ్చు. మైలుతుత్తం నీళ్లలో తేట సున్నపు నీరు పోస్తే నీలి ముద్ద దిగుతుంది. మైలుతుత్తం విషం కాబట్టి పిల్లల చేతికి ఇవ్వకండి, ఆ నీళ్లను కాలువలో పోయకండి. ఆ ముద్దను తెలుగు పుస్తకం అవక్షేపం అంటుంది, తమిళ పుస్తకం వీళ్‌పడివు అంటుంది. మన పిల్లలకు రెండు మాటలూ రావాలి. రేపు ఫ్యాక్టరీలో పనిచేసేదీ, ఆ పక్క బావి నీళ్లు తాగేదీ వాళ్లే.