కలియుగ భీముడు కోడి రామమూర్తినాయుడు

మన రాయగడ మీదుగా పారు నాగావళి దిగువకు సాగిపోవు సీమలోనే వీరఘట్టమను ఊరు కలదు. నేడది ఆంధ్రప్రదేశములోని పార్వతీపురం మన్యం జిల్లాకు చెందినది. 1882 ప్రాంతమున కోడి వెంకన్ననాయుడుగారికి అచ్చట రామమూర్తి జన్మించెను. ఆ కాలమున వీరఘట్టమును, కొరాపుట్, రాయగడలును ఒక్క విశాఖపట్టణము జిల్లాలోనివే. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైన పిమ్మట గాని నడుమ ఎల్ల ఏర్పడలేదు.

తల్లి చిన్ననాటనే గతించుటచే ఆ బాలుడు విజయనగరమున పోలీసు శాఖలో పనిచేయు పినతండ్రి నారాయణస్వామిగారి యింట పెరిగెను. చదువుకంటె సాముగరిడీలపై మక్కువ మెండు. మద్రాసు సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది, విజయనగరమునకు మరలివచ్చి డ్రిల్లుమాష్టరయ్యెను.

నాటి మల్లులు పలువురు సంస్థానాధీశుల కానుకలపై బ్రతుకుచుండిరి. రామమూర్తి వేరు త్రోవ త్రొక్కెను. పొట్టి పంతులను మిత్రుని తోడ్పాటుతో సర్కసు నెలకొల్పి, టిక్కెట్టు కొని వచ్చు ప్రజల ఆదరముపైననే జీవింప నిశ్చయించెను. నెలజీతము విడిచి డేరా వేయుటకు ఎంత గుండెనిబ్బరము కావలెనో గృహస్థులెరుగుదురు. ఏనుగును మోయుటకంటె అదియే గొప్పసాహసమని నాకు తోచును.

ఏనుగును మోయుటయు నిజమే. వెల్లకిల పరుండి, రొమ్ముపై బల్ల పరపించి, దానిమీద ఏనుగును నిలిపించుకొనెడివాడు. ఛాతికి ఇనుపగొలుసు బిగించి, ఊపిరి నిండుగా పూరించి దానిని త్రెంచెడివాడు. రెండు మోటారుకార్లను త్రాళ్లతో తన భుజములకు కట్టించి ఎదురెదురు దిక్కులకు నడిపింపగా, అవి కదలలేకపోయెడివి. కండబలముతో పాటు ప్రాణాయామసాధనయే ఇందలి కీలకము. మాంసము తిననిదే బలము రాదనువారికి ఒకమాట: ఆయన శాకాహారి.

దేశమంతట తిరిగెను, ఇంగ్లండునందును ప్రదర్శనలిచ్చెను. ఇండియన్ హెర్క్యులిస్ యనియు, కలియుగ భీముడనియు బిరుదులు వచ్చెను. ధనము విశేషముగ వచ్చెను, వచ్చినట్లే వ్యయమయ్యెను.

తుదకు కాలిపై లేచిన పుండు మానక, ఆ కాలు తీసివేయవలసివచ్చెను. శస్త్రచికిత్సకు మత్తుమందు పుచ్చుకొనలేదని చెప్పుదురు. ఒంటికాలితో సర్కసెట్లు సాగును? రాజాశ్రయము వలదని బయలుదేరినవానికి కడపట రాజాశ్రయమే దిక్కయ్యెను. మన ఒడిశాలోని బలంగీరున, నాటి పట్నా సంస్థానమున, శేషజీవితము గడపి 1942 జనవరిలో అచ్చటనే కన్నుమూసెను.

శ్రీకాకుళములోని క్రీడామైదానము ఆయన పేరిటనే యున్నది. రాయగడలో రైలెక్కి విశాఖపట్టణము పోవువారు సముద్రతీరమున ఆయన విగ్రహమును చూడవచ్చును.