విలియం బాంటింగు

ఇన్సులినును కనుగొనినవారిలో నొకడగు ఫ్రెడరిక్ బాంటింగు పేరు మన విద్యార్థులకు తెలియనిది కాదు. ఆయనకు పూర్వమే, అదే ఇంటిపేరు గల మరియొకడు లండను నగరమున ప్రసిద్ధికెక్కెను. అతని చరిత్రమునే మేమిచట వ్రాయుచున్నాము.

విలియం బాంటింగు 1796లో జన్మించెను. రాజకుటుంబమువారి అంత్యక్రియలు జరిపించుట ఆయన వృత్తి. ధనమునకును గౌరవమునకును లోటు లేదు. సోమరి కాడు, తిండిపోతును కాడు. అయినను ముప్పది యేండ్లు దాటినది మొదలు దేహము లావెక్కసాగెను. వైద్యుడొకడు పడవ నడపుమని చెప్పగా, ప్రతి ఉదయమును రెండు గంటలసేపు బరువైన పడవను నడపెను. కండలు గట్టిపడెను గాని, ఆకలి రెట్టించి బరువు మరింత పెరిగెను. ఊటనీళ్లు, ఆవిరి స్నానములు, మందులు అన్నియు అయినవి. 1862 నాటికి, అయిదడుగుల అయిదంగుళముల ఆ మనిషి 202 పౌనులు తూగుచుండెను. జోళ్ల ముడి వేసికొనుటకు వంగలేడు. మోకాళ్లు నొచ్చుటచే మేడమెట్లను వెనుకకు తిరిగి మెల్లగా దిగవలసి వచ్చెను. పరిహాసమునకు జంకి నలుగురు చేరు చోట్లకు పోవుట తగ్గించుకొనెను. లావుపాటి వానిని చూచి నవ్వు బాలురు మన పాఠశాలలోను లేకపోలేదు. ఆ నవ్వు ఎంత లోతున నాటునో వారెరుగరు.

తుదకు వినికిడి మందగింపగా, చెవి వైద్యుడగు విలియం హార్వీ యొద్దకు పోయెను. రక్తప్రసరణమును కనుగొనిన హార్వీ వేరు, ఈయన వేరు. కాలేయము తానే చక్కెరను పుట్టించునని పారిసులో క్లాడ్ బెర్నార్డు చేసిన ఉపన్యాసములను ఈయన విని వచ్చియుండెను. ఇతర వైద్యులు ఒక్కొక్క బాధకు ఒక్కొక్క మందిచ్చిరి. హార్వీ యన్ననో, చెవి బాధకును మూలము క్రొవ్వే యని తలచి రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలను మానిపించెను. ద్రాక్షసారాయిని మాత్రము అనుమతించెను. ఆ భాగమును మేము మెచ్చము. ఏడాదిలో బాంటింగు 46 పౌనులు తగ్గెను, నడుము పండ్రెండంగుళములకు పైగా సన్నగిల్లెను, వినికిడియు బాగుపడెను.

హార్వీ ఊహలన్నియు నేటి శాస్త్రమునకు సరిపడవు. కాని, వేరువేరుగా కనబడు రోగములకు మూలమొకటి యుండవచ్చునను త్రోవ సరియైనదే. 1988లో అమెరికా వైద్యుడగు జెరాల్డ్ రీవెను, ఫ్రెడరిక్ బాంటింగు పేరిట జరుగు ఉపన్యాసముననే, రక్తపుపోటు, రక్తములోని చక్కెర, క్రొవ్వుల వికారములు ఇన్సులిను సరిగా పనిచేయకుండుటతో ముడిపడియున్నవని వివరించెను. తరువాతివారు నడుము లావును అందు చేర్చిరి. దీనినే మెటబాలిక్ సిండ్రోమ్ అందురు. మనవారికి ఈ ముప్పు త్వరగా వచ్చును. 2005లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య నడుము కొలతకు హద్దు నిర్ణయించినపుడు, ఐరోపా పురుషులకు 94 సెంటీమీటర్లు పెట్టి, దక్షిణాసియా పురుషులకు 90 మాత్రమే పెట్టినది. స్త్రీలకు 80.

తనవలె బాధపడువారికై బాంటింగు 1863లో స్వంత ఖర్చుతో చిన్న పుస్తకము నచ్చొత్తించి ఉచితముగా పంచెను. వైద్యుడు కానివాడు వైద్యము చెప్పుటయా యని పలువురు వైద్యులు హేళన చేసిరి. జనులు మాత్రము విరివిగా చదివిరి. ఆయన 81 యేండ్లు జీవించి 1878లో మరణించెను. స్వీడను దేశమువారు పథ్యముండుటను నేటికిని ఆయన పేరిటనే బాంటా అందురు.