ఆగిన చదువుకు దారి చూపిన దుర్గాబాయి గారు

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు వింటే చాలామందికి స్వాతంత్ర్యోద్యమం గుర్తుకొస్తుంది. నాకు మా పెద్దక్కయ్య ఉద్యోగం గుర్తుకొస్తుంది.

దుర్గాబాయి గారు 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. ఎనిమిదో ఏటనే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి వద్దనుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. బడి వయసు దాటాక ప్రైవేటుగా బెనారస్ మెట్రిక్ ప్యాసై, తరువాత బి.ఏ., న్యాయశాస్త్రం పూర్తిచేశారు. తనలా చదువు ఆగినవారిని ఆ మెట్రిక్‌కే తయారుచేస్తూ 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభకు అంకురార్పణ చేశారు. రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలయ్యారు.

అప్పట్లో పల్లెలకు టీచరమ్మలు, నర్సులు, గ్రామసేవికలు దొరికేవారు కాదు. పని కావలసిన ఆడవాళ్లకేమో సర్టిఫికెట్ ఉండేది కాదు. ఈ రెండు అవసరాలనూ కలుపుతూ 1958లో బోర్డు కండెన్స్‌డ్ కోర్సులు ప్రారంభించింది. రెండేళ్లలో మెట్రిక్ స్థాయి చదువు.

మా అక్కయ్య పందొమ్మిదో ఏట భర్తను పోగొట్టుకుని, చంటిబిడ్డతో పుట్టింటికి చేరింది. చదివింది ఏడో తరగతి. ఎక్కడికెళ్లినా మెట్రిక్ లేదనేవారు. ఆ కోర్సు చదివి, ట్రైనింగ్ పూర్తిచేసి టీచరయింది. ఆమె తొలి జీతంలోంచే నా టైపు పరీక్ష ఫీజు కట్టింది. నేను గుమాస్తానయ్యాను. ఈనాడు నేనందుకునే పెన్షనుకు మూలం అదే.

దుర్గాబాయి గారు 1981 మే 9న కన్నుమూశారు. పెళ్లి, పిల్లలతో చదువో ఉద్యోగమో మానేసిన కోడళ్లు, మనవరాళ్లు మన ఇళ్లలో నేటికీ ఉన్నారు. మళ్లీ మొదలుపెడతామంటే, వయసైపోయిందని మాత్రం అనకండి.