హెలెన్‌ని ఏ బడిలో వేయాలి?

మా చిన్నదానికి ఏడో తరగతి పరీక్షలు అయిన రోజు నుంచీ మా ఇంట్లో ఒకటే చర్చ. ఎనిమిదిలో ఏ బడిలో వేయాలి? దానికి పుట్టుకతోనే వినికిడి తక్కువ. చెవి మిషను పెట్టుకుంటుంది, ఎదుటివాళ్ళ పెదాలు చూసి చాలావరకు గ్రహిస్తుంది. ఇన్నాళ్ళూ ఇంటి పక్క చిన్న బడిలో నెట్టుకొచ్చింది. ఆ బడి ఏడుతో సరి. వినికిడి లేని పిల్లల హాస్టలు బడికి పంపమని మా అత్తగారు. అక్కడైతే ఎవరూ వెక్కిరించరని ఆవిడ నమ్మకం. రేపు బతకాల్సింది అందరి మధ్యా కాబట్టి మామూలు హైస్కూల్లోనే వేద్దామని మా వారు. మధ్యలో నేను.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి నిద్రపట్టక హెలెన్ కెల్లర్ ఆత్మకథ మళ్ళీ తీశాను. చిన్నప్పుడు చదివితే చేతిపంపు దగ్గర నీళ్ళ కథ ఒక్కటే గుర్తుండిపోయింది. ఈసారి నా చూపంతా వాళ్ళమ్మ మీదే. ఆ తల్లికీ నా సమస్యే వచ్చిందని అప్పుడు తెలిసింది.

హెలెన్ 1880 జూన్ 27న అమెరికాలో, అలబామా రాష్ట్రంలోని టస్కంబియా అనే చిన్న ఊళ్ళో పుట్టింది. పంతొమ్మిది నెలల వయసులో జబ్బుచేసి చూపూ, వినికిడీ రెండూ పోయాయి. తల్లి కేట్ చేతులు ముడుచుకు కూర్చోలేదు. చూపూ వినికిడీ లేని లారా బ్రిడ్జ్‌మన్ అనే అమ్మాయికి బోస్టన్ దగ్గర చదువు చెప్పారని రచయిత డికెన్స్ పుస్తకంలో చదివి, ఆ దారి పట్టుకుంది. డాక్టర్ల దగ్గర్నుంచి టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ దగ్గరికి, ఆయన ద్వారా బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలకు సంగతి చేరింది. అలా 1887 మార్చి 3న ఆన్ సలివన్ అనే ఇరవై ఏళ్ళ టీచరు వాళ్ళింటికొచ్చింది. ఆమెకూ చూపు అంతంతమాత్రమే. అరచేతిలో వేళ్ళతో అక్షరాలు గుర్తులు చేస్తూ నెల రోజుల్లో పిల్ల మనసుకు తలుపు తెరిచింది.

ఇక్కడిదాకా మనందరికీ తెలిసిన కథే. ఆ తర్వాత చదువెక్కడ అన్నదే అసలు తిప్పలు.

మొదట పెర్కిన్స్. అక్కడ అరచేతి భాష వచ్చిన పిల్లలు దొరికారని హెలెన్ పొంగిపోయింది. కానీ పదకొండేళ్ళప్పుడు తను రాసిన ఒక కథ మరొకరి కథను పోలి ఉందని పెద్దలు కూర్చుని విచారణ చేశారు. ఎప్పుడో చేతిలో చెప్పిన కథ మనసులో ఉండిపోయి, తనదే అనుకుని రాసింది పాపం. ఆ దెబ్బతో ఆ బడి మీద మనసు విరిగింది.

1894లో న్యూయార్క్‌లోని రైట్ హ్యూమసన్ పాఠశాల. అది వినికిడి లేని పిల్లలది. హెలెన్ మాట స్పష్టం కావాలనీ, ఎదుటివాళ్ళ పెదాల్ని వేళ్ళతో తడిమి మాట గ్రహించడం రావాలనీ ఆశపడి పంపారు. రెండేళ్ళు చదివింది. లెక్కలు, భూగోళం, ఫ్రెంచి, జర్మన్ వచ్చాయి. మాట మాత్రం ఆశించినంత రాలేదు.

అప్పటికి హెలెన్ మనసులో ఒకటే కోరిక. కాలేజీకి వెళ్ళాలి, అదీ అందరు ఆడపిల్లలూ వెళ్ళే కాలేజీకే. అందుకని 1896 అక్టోబరులో కేంబ్రిడ్జ్ ఆడపిల్లల పాఠశాలలో చేరింది. చూపూ వినికిడీ ఉన్న పిల్లలతో కలిసి చదవడం తనకదే మొదలు. ఆ వేసవిలోనే తండ్రి పోయాడు. ఇక నిర్ణయాలన్నీ తల్లి మీదే పడ్డాయి.

ఆ బడిలో చదువెలా సాగిందో వినండి. ఆన్ పక్కన కూర్చుని టీచర్లు చెప్పేదంతా హెలెన్ చేతిలో వేళ్ళతో చెప్పేది. హోంవర్కు హెలెన్ టైపుమిషను మీద కొట్టేది. పుస్తకాలు వేళ్ళతో చదివే ఉబ్బెత్తు అక్షరాల్లో కావాలి కదా, అవి వేళకు వచ్చేవి కావు. టీచర్లలో అరచేతి భాష నేర్చుకున్నవాళ్ళు ఇద్దరే. ఒకరు జర్మన్ టీచరు, రెండోవారు ప్రిన్సిపాలు ఆర్థర్ గిల్మన్. మళ్ళీ ఆ ఏడు క్రిస్మస్‌కు తల్లి చూడటానికొస్తే, చెల్లెలు మిల్డ్రెడ్‌నూ అక్కడే చదివిస్తానన్నదీ ఆయనే. 1897 వేసవిలో హెలెన్ కాలేజీ ప్రవేశ పరీక్షల్లో మొదటి భాగం రాసి అన్నీ పాసయింది. ప్రశ్నపత్రాలు ఆమె చేతిలో చదివి వినిపించింది కూడా గిల్మనే.

ఇంత మంచివాడితో గొడవ ఎక్కడొచ్చింది?

రెండో ఏడు లెక్కలు ముందుకొచ్చాయి. తరగతులు పెద్దవయ్యాయి. బోర్డు మీద గీసిన బొమ్మలు హెలెన్‌కు కనిపించవు. దిండు మీద తీగలు గుచ్చి త్రిభుజాలూ వృత్తాలూ చేసుకుని, తడిమి తెలుసుకునేది. ఆ నవంబరులో ఒంట్లో కాస్త బాగోక ఒకరోజు బడికి పోలేదు. అంతే, పిల్ల చదువు బరువుకు కుంగిపోతోందని గిల్మన్ నిశ్చయించుకున్నాడు. పాఠాలు తగ్గించాడు, ఇంకో మూడేళ్ళు ఇక్కడే ఉండాలన్నాడు. రెండేళ్ళలో పూర్తిచేయగలదని ఆన్ పట్టు. ఆన్ ఆ పిల్లను మరీ తరుముతోందనీ, ఇద్దర్నీ విడదీయడమే మేలనీ ఆయన తల్లికి రాశాడు.

ఒక్క నిమిషం ఆ తల్లి చోట మనల్ని ఊహించుకుందాం. భర్త లేడు. పిల్లలు ఎంతో దూరాన ఉత్తరాది ఊళ్ళో. పెద్ద చదువులు చదివిన ప్రిన్సిపాలు, ఆడపిల్లలకు కాలేజీ చదువు తెచ్చినవాళ్ళలో ఒకడు, పిల్ల ఆరోగ్యం పాడవుతోందంటున్నాడు. ఏ తల్లి గుండె ఆగుతుంది? కేట్ ఆయన మాటకే సరేనంది. నేనైనా అదే చేసేదాన్ని.

కానీ అక్కడితో ఊరుకోలేదావిడ. రైలెక్కి వచ్చింది. తన కళ్ళతో పిల్లను చూసుకుంది, చేతిలో చేయి పెట్టి అడిగి తెలుసుకుంది. హెలెన్ కుంగిపోలేదు. ఆన్‌ని వదలనంటోంది, అంతే. కేట్ తన మాట తానే వెనక్కి తీసుకుంది. 1897 డిసెంబరులో కూతుళ్ళిద్దర్నీ ఆ బడి మాన్పించింది.

ఆ తర్వాత చదువు ఇంటి పట్టునే. మెర్టన్ కీత్ అనే మాస్టారు లెక్కలు, లాటిన్, గ్రీకు చెప్పాడు. తరగతిలో అందరి వేగంతో పరిగెత్తే పని లేదు, అర్థం కాకపోతే మళ్ళీ చెప్పేవాడు. అంతకుముందు కొరకరాని కొయ్యలా ఉన్న లెక్కలు మెల్లగా లొంగాయి. 1899 జూన్‌లో చివరి పరీక్షలు. ఈసారి ఆన్‌ని దగ్గరికి రానివ్వలేదు. ప్రశ్నలు బ్రెయిలులో ఇచ్చారు. అందులో ఆల్జీబ్రా గుర్తులు తను అలవాటు పడినవి కావని రెండు రోజుల ముందే తెలిసింది. అయినా పాసయింది. 1900లో రాడ్‌క్లిఫ్ కాలేజీలో చేరి 1904లో డిగ్రీ పుచ్చుకుంది. చూపూ వినికిడీ రెండూ లేనివాళ్ళలో బి.ఏ. పట్టా అందుకున్న మొదటి మనిషి తనే. తర్వాత దేశదేశాలు తిరిగి తనలాంటివాళ్ళ కోసం పనిచేసింది, 1955లో మన దేశానికీ వచ్చింది. 1968 జూన్ 1న కన్నుమూసింది.

పుస్తకం మూసి చాలాసేపు ఆలోచించాను. ప్రత్యేక బడా, మామూలు బడా అని మేం కొట్టుకుంటున్నాం. హెలెన్ రెండూ చదివింది, ఇంటి దగ్గరా చదివింది. ఒక్కోచోట ఒక్కోటి దొరికింది. ఏ ఒక్క బడీ అన్నీ ఇవ్వలేదు. ఆ తల్లి గొప్పతనం మొదటిసారే సరైన బడి ఎంచడంలో లేదు. వెళ్ళి చూడటంలో ఉంది, తప్పనిపిస్తే మార్చడంలో ఉంది.

మర్నాటి నుంచి పిల్లను వెంటబెట్టుకుని తిరిగాను. మన దగ్గర 2016లో వచ్చిన చట్టం ప్రకారం నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు దగ్గర్లోని బడిలో గానీ, కోరుకుంటే ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కుంది. హక్కుందని తెలిస్తే అడగడానికి కాస్త ధైర్యం వస్తుంది. ఫీజులూ ర్యాంకులూ నేను అడగలేదు. నా పిల్ల కోసం మీలో ఎవరు కొత్తగా ఏం నేర్చుకుంటారని అడిగాను. ఒక బడిలో ముఖం చిట్లించారు. హాస్టలు బడిలో పిల్లల చేతులు గలగలా మాట్లాడుతుంటే మా చిన్నది పది నిమిషాల్లో వాళ్ళలో కలిసిపోయి నవ్వింది. అది చూసి మా అత్తగారు అన్నదాంట్లోనూ నిజముందనిపించింది. ఇంకో హైస్కూల్లో లెక్కల మాస్టారు బోర్డు మీద రాసి, ఆగి, ఇటు తిరిగి మా పిల్ల ముఖం చూస్తూ చెప్పారు. ఎవరూ చెప్పకుండానే.

చివరికి దాన్నే అడిగాం. హైస్కూలే కావాలంది, మొదటి బెంచీలో కూర్చోబెడితేనేనని షరతు కూడా పెట్టింది. చేర్చాం. హాస్టలు బడి దరఖాస్తు మాత్రం బీరువాలో భద్రంగా దాచాను. దసరా దాకా చూస్తాం. మధ్యమధ్య నేనే వెళ్ళి దాని పక్కన కూర్చుని ఎలా ఉందో అడుగుతాను. సరిపడకపోతే మారుస్తాం. అందులో నామోషీ ఏముంది చెప్పండి?